దేవుడు వద్దన్న పొట్టేలు

మా ఇంట్లో దేవుడికి ఎదురు మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. దేవుడి తరఫున మాట్లాడేవాళ్లే ఎక్కువ. వాళ్లలో పెద్దవాడు మా అన్న పర్వతాలు.

మాది నారాయణపేట దిక్కున ఒక ఊరు. నల్ల గొర్రెలు కాసే కురుమ ఇల్లు. ఏటా ఎండలు ముదరకముందే మా కులదేవుడు బీరప్పకు పండుగ చేస్తాం. ఊళ్లో ఎన్ని కురుమ ఇళ్లున్నా గుడి ముందు మొదటి పొట్టేలు మాదే. అది మా తాత సంపాదించిన మర్యాద. ఆయన వేరే ఆస్తి ఏమీ సంపాదించలేదు కాబట్టి మేము దీన్నే జాగ్రత్తగా కాపాడుకుంటూ వస్తున్నాం.

ఆ పొట్టేలు మా మందలో పుట్టినదే అయి ఉండాలి. కొమ్ములు మొలిచిన మగపిల్ల అయితే చాలు. పసుపు పూసి, మెడకు వేపమండ కట్టి, గుడి ముందు నిలబెట్టి వీపు మీద నీళ్లు చల్లుతాం. అది ఒళ్లు దులిపిందంటే దేవుడు ఒప్పుకున్నట్టు, మా మాటలో దేవుడు పట్టినట్టు. అక్కడే కోసి, ఆ రోజే వండుకుంటాం. దులపకుండా నిలబడిందంటే దేవుడు వద్దన్నట్టు. అప్పుడు దాన్ని పక్కకు కట్టి ఇంకోదాన్ని నిలబెడతాం.

దేవుడు వద్దన్న పొట్టేలంటే మా ఇంట్లో మామూలు గౌరవం కాదు. మెడకు గంట కట్టి మందలోకి పంపిస్తాం. దేవుడే ప్రాణం పోసి పంపాడు కదా, దాన్ని అమ్మకూడదు, కొయ్యకూడదు. ముసలిదై తనంతట తాను చచ్చిపోయేదాకా మందకంతటికీ అదే మొగుడు. దేవుడు వద్దన్నవి ఒకటికన్నా ఎక్కువైతే ఒక్కదాన్నే మందలో ఉంచి మిగతావి గుడికి వదిలేస్తాం. మిగతా మగపిల్లలన్నీ సంతకు పోతాయి. ఇదీ మా తాత పెట్టిన కట్టుబాటు. రోజూ దీపం పెట్టుకునేవాణ్ణి, శనివారం ఒక్కపొద్దు ఉండేవాణ్ణి, నాకు ఇందులో వంక పెట్టాలన్న ఆలోచనే ఎన్నడూ రాలేదు.

నా చిన్నప్పుడు బాపు చారెడు నీళ్లు చల్లితే పొట్టేలు దులిపేది. నా పెళ్లయిన ఏడు చెంబెడు పట్టాయి. మా శివకృష్ణ పుట్టేనాటికి బిందె. రాష్ట్రం వచ్చినంక, ఇంటింటికీ నల్లా వచ్చినంక, నీళ్లకు కరువు లేదు కాబట్టి డ్రమ్ము నింపి పెట్టుకోవడం మొదలుపెట్టాం. ఈ లెక్కన నా మనవల కాలానికి ఫైరింజన్ పిలవాల్సి ఉంటుంది.

పొట్టేలు ఆలస్యం చేసిన ప్రతిసారీ మా అన్న కారణం కనిపెట్టేవాడు. ఒక ఏడు నల్లా నీళ్లు దేవుడికి పడలేదన్నాడు. కృష్ణకు పోయి క్యాన్లలో నీళ్లు తెచ్చాం. పొట్టేలు ఆ నీళ్లకూ దులపలేదు కానీ మూతికి తగిలినవి తాగింది. ఇంకో ఏడు గుడి వెనక లేచిన సెల్ టవర్ మీద అనుమానం వచ్చింది. మరో ఏడు ఎవరో చెప్పులతో ముందుకు వచ్చారని గొడవ. మందలు అమ్ముకున్న ఇళ్లవాళ్లు సంతలో కొన్న పొట్టేళ్లు తెచ్చేవాళ్లు. అవి చెంబెడు నీళ్లకే టపటపా దులిపేవి. అది చూపిస్తే మా అన్న ఒక్కటే మాట అనేవాడు.

"సంత గొర్రెలకు సిగ్గుంటదారా? ఎవడు నీళ్లు పోసినా దులుపుతయి. మనయి మర్యాదగల్ల గొర్రెలు."

పోయిన ఏడాది పండుగకు మా మర్యాద పూర్తిగా బయటపడింది.

ఆ మాఘమాసంలోనే శివకృష్ణ పెళ్లి చేశాం. కోడలి పేరు మమత. అమ్రాబాద్ దిక్కు పిల్ల, వాళ్లదీ మందలున్న ఇల్లే. డిగ్రీ చదివింది. ఇంట్లో అడుగుపెట్టి నెల తిరగలేదు, బోనం ఎత్తుకుని మా ఆవిడ పుష్ప పక్కన నడిచి వచ్చింది. మేం పొట్టేలును నిలబెట్టాం. చెంబుతో మొదలుపెట్టి బిందెలకు వచ్చాం. డప్పులు ఆగి ఆగి మోగుతున్నాయి. చివరికి మా అన్న ఎవరింట్లోనో మోటార్ వేయించి పైపు పట్టించాడు. పొట్టేలు ఆ ధార కింద నిలబడి నెమరు వేస్తూ మెల్లగా కళ్లు మూసుకుంది. ఆ ఎండలో దానికి హాయిగా ఉన్నట్టుంది. రెండోదీ అంతే. మూడోది పైపు ఎటు తిప్పితే అటు వీపు తిప్పింది.

"గిదేందే తల్లీ, స్నానం చేస్తాందా?" అన్నారు ఎవరో వెనక నుంచి. జనం నవ్వారు. మా అన్న మెడ మీది నరాలు లేచాయి.

అంతలో ఒగ్గు కథ చెప్పే పూజారికి పూనకం వచ్చింది. మామూలుగా ఆయనకు పూనకం రావాలంటే డప్పు గట్టిగా కొట్టాలి. ఆ రోజు మా అన్న ఆయన వైపు చూసిన చూపే సరిపోయింది.

"ఇంట్ల కొత్త అడుగు వడ్డది! గా అడుగు నాకు నచ్చలే! నేను పొట్టేలు వట్టేదాక గా అడుగు గీ కడప దొక్కొద్దు!"

బోనం నెత్తిన పెట్టుకున్న మమత అందరి వైపూ చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మామా, గొర్రె దులపకపోతే నేనేం జేస్త? నేనన్న దులపాల్నా?"

ఎవరూ నవ్వలేదు. నేను మోటార్ ఆపడానికి పోయాను. మరునాడే బక్కయ్య వచ్చి బిడ్డను తీసుకుపోయాడు. బక్కయ్య అంటే మమత తండ్రి, నా వియ్యంకుడు. ఆయనకు మా అన్న చాలా మర్యాదగా చెప్పాడు: కోపం మాది కాదు, దేవుడిది. వచ్చే పండుగకు దేవుడు పొట్టేలును పట్టగానే పిల్లను పిలిపించుకుంటాం. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

మా శివకృష్ణ నారాయణపేటలో ఒక చీరల దుకాణంలో పని చేసేవాడు. మొదట ఆదివారం ఆదివారం అత్తగారింటికి పోయి వచ్చేవాడు. తర్వాత సోమవారానికి వచ్చేవాడు. ఆ తర్వాత అత్తగారి ఊరి దగ్గర అచ్చంపేటలో ఇంకో దుకాణం చూసుకున్నానని ఫోన్ చేశాడు. దేవుడు ఒక్క కోడలినే పొమ్మన్నాడు. కొడుకు కూడా పోతాడన్న సంగతి పూజారికి ఆయన చెప్పినట్టు లేదు. పుష్ప వండిన గిన్నెలో సగం మిగిలిపోయేది. ఒక రోజు ఆ గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"దేవుడు పొట్టేలును తింటడేమో గని, మనమైతే కొడుకును కోడలిని తిని కూసున్నం," అంది.

ఉగాది దాటిన నెలకు, కోడలికి పండుగ చీర ఇచ్చి వస్తానని చెప్పి నేను అమ్రాబాద్ దిక్కు బస్సెక్కాను. నేను పోయేసరికి బక్కయ్య ఇంటి దగ్గర లేడు, వాగు దగ్గర ఉన్నాడు. ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను కడుగుతున్నారు. నీళ్లలో దింపడం, మోకాలి లోతులో రుద్దడం, ఒడ్డుకు తోలడం.

"బావా, దూరం నిలవడు, తడుస్తవ్!" అని అరిచాడు బక్కయ్య.

గొర్రెలను చూసి దూరం నిలబడడమేమిటి, నేనూ గొర్రెలు కాసేవాణ్ణే కదా అని దగ్గరికి పోయాను. మొదటి గొర్రె ఒడ్డెక్కింది. ముక్కు దగ్గర మొదలుపెట్టి తోక దాకా ఒక్కసారి దులిపింది. నా కళ్లలో నీళ్లు పడ్డాయి. తుడుచుకునేలోగా దాని వెనకది దులిపింది. ఆ వెనకవి నాలుగూ కలిసి దులిపాయి. పండుగకు కట్టుకునే తెల్ల పంచె బురద పంచె అయింది. నాకు మాత్రం గుడి ముందు నిలబడ్డట్టు ఒళ్లు జలదరించింది. ఇన్నిసార్లు దేవుడు ఒప్పుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"గిదేంది బావా, అన్ని దులుపుతున్నయ్?"

"తడిస్తే దులపక ఏం జేస్తయి బావా? తువ్వాల అడుగుతయా?"

"మాయి దులపయి."

"ఎందుకు దులపయి?"

"దేవుని కోపం," అన్నాను, అలవాటుగా.

బక్కయ్య చేతిలోని గొర్రెను వదిలేసి నీళ్లలోకి చూశాడు. నేనన్న మాట ఎవరికి తగిలిందో అప్పుడు తెలిసింది. ఒడ్డున మమత కత్తెరలు నూరుతూ కూర్చుని ఉంది. నాకు తువ్వాల తెచ్చి ఇచ్చింది.

"మామా, ఒక మాట అడుగుత. మన మందల ఇప్పుడున్న పొట్టేలు ఏది?"

"గంటది. దేవుడు వద్దన్నది."

"దాని నాయిన?"

"గది గూడ దేవుడు వద్దన్నదే. బంగారమసొంటి పొట్టేలుండె. మీద నీళ్లు గాదు, పిడుగు వడ్డా కదలకపోతుండె."

"దాని తాత?"

"గదీ వద్దన్న..." అని ఆగాను.

"మరి దులిపినయి అన్ని ఏడబాయె మామా?"

"తిన్నం గద బిడ్డా."

మమత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు. కొంగు తీసి చెప్పింది.

"దులిపేటిది దులిపిన రోజే కూరయితాంది. దానికి ఒక్క పిల్ల గూడ పుడ్తలేదు. దులపందానికేమో గంట గట్టి మందనంత అప్పజెప్తున్రు. పుట్టేటియి ఎవ్వలి లెక్క పుడ్తయి? మీ తాత కాలం నుంచి మీరు నీళ్లకు కదలని గొర్రెలను ఏరి ఏరి పెంచిన్రు మామా. ఇప్పుడు కదుల్తలేవని నన్ను ఎల్లగొట్టిన్రు."

నేను వాగు వైపు చూశాను. ఇంకో రెండు దులిపాయి.

"ఎవరు మిగుల్తే వాళ్ల పిల్లలే గద పుట్టేది," అంది మళ్లీ. "అడవిల గూడ గంతే. ఏది మిగలాల్నో ఆడ వానలు, ఎండలు, పులులు తేలుస్తయి. ఈడ మీరు తేల్చిన్రు. మా జువాలజీ మేడం గీ సంగతే పిట్టల ముక్కులు వెట్టి చెప్పింది, దొరికే గింజకు సరిపోయే ముక్కున్నయే మిగుల్తయని. మన పొట్టేళ్లను వెట్టి చెప్తే నాకు ఇంకిన్ని మార్కులొచ్చేటియి."

"అయితే మరి దేవుడు లేనట్టేనా బిడ్డా?" అని అడిగాను. ఎగతాళికి కాదు. నిజంగానే నాకు భయం వేసింది.

"నేను గట్ల అన్లే మామా. దేవుడు పొట్టేలు అడిగిండో లేదో నాకు తెల్వది. అవి దులపకపోవుడు మాత్రం మీ పెంపకం. నా కాళ్లది గాదు."

వాళ్ల ఇంటి పద్ధతి బక్కయ్య చెప్పాడు. వాళ్లూ దేవుడికి పొట్టేలు ఇస్తారు, వాళ్లూ నీళ్లు చల్లుతారు. కానీ మూడు నాలుగేళ్లు మందలో తిరిగినదాన్నే ఇస్తారు. "సంసారం జేసుకోని, పిల్లలను జూసుకోని పోతది బావా. లేత పిల్లను ఇయ్యబుద్ది గాదు మాకు." ఆయన దయతో పెట్టుకున్న పద్ధతి. అందులో పిట్టల ముక్కుల సంగతి ఉందని ఆయనకూ తెలియదు.

నేను తిరిగి బయలుదేరుతుంటే బక్కయ్య ఒక పొట్టేలును పట్టుకొచ్చి ట్రాలీ ఆటోలో ఎక్కించాడు. ఇది బిడ్డ తరఫున కానుక అన్నాడు. బిడ్డను వెళ్లగొట్టిన ఇంటికి కానుక పంపేవాణ్ణి నేను మొదటిసారి చూశాను.

మా అన్న వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు.

"ఊరు గాని ఊరి పొట్టేలురా నాగేందర్! దేవుడిచ్చిన గంట పొట్టేలు ఉండంగ దీన్ని మన మందల కలుపుతవా?"

"గా మంద గిట్లనే ఉంటే మళ్లేడు గూడ దులపదన్నా. దులిపినయన్ని మనం తింటిమి, దులపనియే పిల్లలను పుట్టించుకుంట వచ్చినయ్..."

"ఏమంటున్నవ్? దేవుడు వద్దన్నది దేవునికే అడ్డమయిందంటవా? అమ్రాబాద్ నీళ్లు తాగి వచ్చినవా, ఇంకేమన్న తాగి వచ్చినవా?"

అప్పుడు అరుగు మీద నుంచి మా అమ్మ గుర్వమ్మ దిగింది. ఆమెకు పెద్ద వయసు. ఇంట్లో ఆమె మాట ఎవరూ వినరు. ఆచారం మాట చెబితే మాత్రం ఎవరూ దాటలేరు.

"అరే పర్వతాలు, పుట్టింటోళ్లు కానుక వంపితే వాకిట్ల నుంచే మలిపి వంపినోళ్లున్నరారా మన ఇంట్ల? పిల్లను వంపిస్తివి, సరే, దేవుడన్నడు. గొర్రెను వంపియ్యమని గూడ అన్నడా? పక్కకు జరుగు."

దేవుడు గొర్రె గురించి ఏమీ అని ఉండకపోవడంతో మా అన్న జరిగాడు. అంత చదివిన మమత మాట నేను మోసుకొస్తే చెల్లలేదు. ఏ బడికీ పోని మా అమ్మ ఒక ఆచారాన్ని ఇంకో ఆచారంతో పొడిచి పని జరిపించింది.

మందలో రెండు పొట్టేళ్లకు పడదు. కొత్త పొట్టేలు మొదటి రోజే తల వంచి వచ్చి మా గంట పొట్టేలును గుద్దింది. మా పొట్టేలు తరతరాలుగా దేనికీ కదలని వంశం కదా. దెబ్బ తిని, ఒకసారి చూసి, పక్కకు జరిగి గడ్డి మేసింది. గంట కూడా మోగలేదు. ఆ ఏడు దాని సంసారం అంతటితో ముగిసింది.

వానాకాలం చివర్లో పిల్లలు పుట్టాయి. పండక్కి పనికొచ్చేటంత ముందుగా పుట్టాయి, అది మా అదృష్టం. ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది. తల్లులన్నీ ఎప్పటిలాగే రాళ్లలా నిలబడి తడుస్తున్నాయి. వాటి కాళ్ల మధ్య నుంచి ఒక నల్ల మగపిల్ల బయటికి వచ్చింది. చెవి మీద చినుకు పడగానే ముందు తల విదిలించి, తర్వాత ఒళ్లంతా దులిపి, ఆ ఊపుకు తానే పక్కకు పడింది. దాన్ని చూసి ఇంకోటి దులిపింది. కొన్ని దులపలేదు, అవి తల్లులను పోలాయి. నేను గొంగడి కప్పుకుని చాలాసేపు అక్కడే ఉన్నాను. సంతోషం వేసింది. వెంటనే ఇంకో సంగతి తోచి సంతోషం సగమయింది. కోడలు ఇంటికి రావాలంటే ఆ పడి లేచిన పిల్లే పోవాలి.

"బీరప్పా, ఏరుకునేది నువ్వా, మేమా?" అని అడిగాను. ఆయన ఎప్పుడూ నాతో నేరుగా మాట్లాడడు. మా ఇంట్లో అది మా అన్న పని.

ఈ ఏడు పండుగకు మా అన్న ముందు జాగ్రత్తగా రెండు డ్రమ్ములు, ఒక మోటార్, పొడుగు పైపు సిద్ధం చేయించాడు. బక్కయ్య, మమత, శివకృష్ణ ఊరి బయట బస్‌స్టాప్ రేకుల కింద కూర్చున్నారు. పొట్టేలు దులిపితే లోపలికి రావాలి, లేదంటే వచ్చిన బస్సుకే తిరిగి పోవాలి. పుష్ప పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పసుపు పూసిన ఆ మగపిల్లను గుడి ముందు నిలబెట్టారు. మా అన్న చెంబు ఎత్తాడు. చెంబు నిండుగా ఉండి, పోయకముందే నాలుగు చుక్కలు జారి దాని వీపు మీద పడ్డాయి.

అది దులిపింది. మా అన్న మొహం మీద పసుపు నీళ్లు చిందాయి.

డప్పులవాళ్లు ఇంకా కర్రలు కూడా ఎత్తలేదు. ఊరంతా పెట్టిన కేకలకు టవర్ మీది పావురాలు ఎగిరిపోయాయి. మా అన్న ఆ పసుపు మొహంతోనే నేల మీద పడి ఏడ్చాడు. పూజారికి పూనకం వచ్చింది. "వట్టిన! నేను వట్టిన! కొత్త అడుగును దోల్కరాండ్రి!" అన్నాడు. కోపం పోవడానికి కారణాలు ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్పారు. గుడికి వేసిన కొత్త రంగు అన్నారు, కృష్ణ నీళ్లన్నారు, మా అన్న పట్టిన దీక్ష అన్నారు. వెనక మా దొడ్లో కట్టేసి ఉన్న అమ్రాబాద్ పొట్టేలు పేరు ఎవరూ ఎత్తలేదు. అది బయటిది కాబట్టి దేవుడికి పనికిరాదు.

మమత గడప దాటి లోపలికి వచ్చింది. పుష్ప కోడలిని పట్టుకుని వదలలేదు. భోజనాల దగ్గర మా అన్న అందరూ వినేలా చెప్పాడు.

"కోడలు పిల్ల అడుగు మంచిది. లక్ష్మి అడుగు. మళ్లేటి పండుగ నుంచి పొట్టేలు మీద నీళ్లు వోసేది మా మమతే."

పోయినేడు ఇవే అడుగులు అని ఎవరూ అనలేదు. మమత తల మీదికి కొంగు లాక్కుంది.

"పోస్త పెద్దమామా. గని రాత్రి నాకు కలవడ్డది. జెప్పాల్నో వద్దో..."

"చెప్పు బిడ్డా, చెప్పు!"

"బీరప్ప కలలకొచ్చిండు. లేత పిల్ల నాకొద్దు, మందల మూడేండ్లు తిరిగి పిల్లలను గన్న పొట్టేలే గావాలె అన్నడు. గంట గట్టుడు బంద్ జెయ్యమన్నడు, గా చప్పుడుకు నిద్ర వడ్తలేదంట."

మా అన్న చేతిలోని ముద్ద విస్తరిలో పెట్టి దండం పెట్టాడు. "చూసిన్రా! గిన్నేండ్లు నాకు గూడ చెప్పలే!" అన్నాడు. మా మందకు తాత పెట్టిన కట్టుబాటు ఆ ఒక్క ముద్దతో మారిపోయింది. నేను ఏడాదిపాటు వివరించి వివరించి మార్చలేకపోయిన సంగతి అది.

గిన్నెలు కడిగే దగ్గర కోడలిని మెల్లగా అడిగాను.

"నిజంగనే వచ్చిండా బిడ్డా కలలకు?"

"మీ అన్నకు వచ్చిండా మామా ఎన్నడన్న?" అంది మమత, గిన్నె మీంచి తల ఎత్తకుండానే. "గీ ఇంట్ల ఎట్ల మాట్లాడినోళ్లు మిగుల్తరో ఒక ఏడాది బయట కూసోని చూసిన గద."

కడిగిన గిన్నెను రెండు చేతులతో పట్టుకుని గట్టిగా దులిపింది. నీళ్లు నా మీద పడ్డాయి. నేను తుడుచుకుని, దేవుడి దగ్గర దీపం వేళయిందని లేచాను.